పనిరోజుల ఇల్లు

“అత్తయ్యా, తలుపు తియ్యండి. టీ చల్లారిపోతోంది.”

లోపల మంచం కిర్రుమంది. అంతే, ఇంకే చప్పుడూ లేదు.

సిస్టరమ్మ కుడిచేత్తో కప్పు పట్టుకుని తలుపు ముందు నిలబడింది. పిండికట్టు వేసిన ఎడమచెయ్యి మెడకు వేలాడుతోంది. ఆసుపత్రి మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుని ఇవాళ్టికి పన్నెండు రోజులు. కూతురు పుట్టినప్పుడు తీసుకున్న సెలవు తర్వాత ఆమె వరసగా ఇన్ని పనిరోజులు ఇంట్లో ఉండటం ఇదే.

“ఇంతకీ నేనేమన్నానని? మీ ఒంటికి మంచిదనే కదా రాశాను.”

“నా ఒంటి సంగతి నా ఒంటికి తెలుసు,” అంది అత్తగారు లోపల్నుంచి. “మూడింటికి పడుకోబెట్టడానికి ఇది నీ వార్డు కాదు. నేను నీ పేషెంటునీ కాదు.”

“విశ్రాంతి అని రాశాను. పడుకోమని రాయలేదు.”

“ముప్పై ఏళ్లు ఒకటో తరగతి పిల్లలకి అక్షరాలు దిద్దించాను. మాటలకి అర్థాలు నాకు చెప్పకు.”

సిస్టరమ్మ టీ కప్పు గుమ్మం పక్కన స్టూలు మీద పెట్టింది. పెద్దాసుపత్రిలో ఆడవాళ్ల వార్డుకి ఆమె హెడ్ నర్సు. నలభై మంచాలు, పదకొండు మంది నర్సులు ఆమె కంటిచూపుతో కదులుతారు. వార్డులోనే కాదు, ఇంటి దగ్గర వీధి వీధంతా ఆమెను సిస్టరమ్మ అనే పిలుస్తుంది. అలాంటి మనిషికి మూసిన ఒక తలుపు తీయించడం చేతకావడం లేదు.

గొడవంతా ఒక కాగితం గురించి. సోమవారం ఆమె ఇంటికి ఒక టైంటేబుల్ రాసి వంటింటి గోడకి అతికించింది. ఎవరెప్పుడు లేవాలి, ఎవరెప్పుడు తినాలి, ఏ పూట ఏ కూర. “మూడు నుంచి నాలుగు: అత్తయ్య విశ్రాంతి.” అన్నిటికంటే కింద, రెండు గీతలు కొట్టి: “ఆదివారం పది నుంచి ఎనిమిది: అందరూ కలిసి సరదాగా గడపడం.” రెండు రోజులు ఎవరూ కిమ్మనలేదు. ఈరోజు ఉదయం లేచి చూస్తే ఆ కాగితం నాలుగు ముక్కలై చెత్తబుట్టలో ఉంది. అత్తగారి గది తలుపు మూసి ఉంది.

ఆమె విసవిసా ముందుగదిలోకి నడిచింది.

అది భర్త పనిచేసుకునే గది. ఆయన కట్టుడుపళ్లు చేస్తాడు. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపిస్తే, దాన్నిబట్టి మైనంలో చిగుళ్లు పోసి, పళ్లు అమర్చి సెట్టు తయారుచేస్తాడు. అందరికీ ఆయన పళ్ల మేస్త్రి. బల్ల మీద సుద్దతో పోసిన దవడలు వరసగా నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. మేస్త్రి చిన్న దీపం మీద కత్తి మొన వేడిచేసి మైనం దిద్దుతున్నాడు.

“ఏవండీ, మీరైనా ఓ మాట చెప్పండి ఆవిడకి.”

“ఏం చెప్పను?”

“తలుపు తియ్యమని.”

“ఆకలేస్తే తనే తీస్తుంది. నువ్వు కాస్త కూర్చో.”

“కూర్చుంటే పనులెలా అవుతాయి?”

“నువ్వు లేనన్నాళ్లూ ఎలా అయ్యాయో అలాగే.”

ఆయన మెల్లగానే అన్నాడు. తల కూడా ఎత్తలేదు. కానీ ఆ మాట ఆమెకి సూదిలా దిగింది. నిలబడే ఉంది. మైనం వాసన, దీపం వేడి, గోడ గడియారం టిక్కుటిక్కు. మళ్లీ తనే అంది.

“రేపు సాయంత్రంలోగా నేను జవాబు చెప్పాలి. గుర్తుందా?”

“ఉంది.”

ఊరికి ఆ చివర కొత్త ఆసుపత్రి తెరుస్తున్నారు. అక్కడి నర్సులందరికీ పెద్దగా ఆమెని వెళ్లమన్నారు. ఉదయం ఆరింటికి బస్సెక్కితే తిరిగి ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదవుతుంది. ఆ ఉద్యోగంలోనే ఐదేళ్లు చేసి రిటైరవ్వచ్చు.

“మీరేమంటారు?”

“నేనేమన్నా చివరికి చేసేది నువ్వే.”

“ఐదేళ్లే కదండీ. కళ్లు మూసి తెరిస్తే అయిపోతాయి. తర్వాత అందరం హాయిగా ఉండొచ్చు.”

మేస్త్రి కత్తి కింద పెట్టాడు. అప్పుడు చూశాడు ఆమె మొహంలోకి.

“వంటింట్లో కాలెండరు ఉంది చూడు. రోజూ డ్యూటీ నుంచి రాగానే పెన్ను తీసి ఆ రోజు మీద గీత కొడతావు. సోమవారం ఒక గీత, మంగళవారం ఒక గీత. అమ్మయ్య, ఒకటి గడిచింది అంటావు. ఆదివారానికి మాత్రం సున్నా చుడతావు.”

“అయితే?”

“ఏం లేదు. నువ్వు కొట్టేసిన రోజులన్నిట్లోనూ మేం ఉన్నాం.”

మళ్లీ కత్తి అందుకుని మైనం మీదికి వంగాడు. ఆమె కట్టు వేసిన చేతిని రెండో చేత్తో పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

కాలెండరు అక్కడే ఉంది. ఆమె దాని వైపు చూడకుండా కూరగాయల బుట్ట ముందుకు లాక్కుంది. ఒంటిచేత్తో కత్తిపీట ముందు కూర్చోలేక, ఉల్లిపాయల్ని ఊరికే పెద్దవి ఒకపక్కకి, చిన్నవి ఒకపక్కకి వేరుచేస్తూ కూర్చుంది.

*

బుధవారం కాలేజీ ఒంటిపూట. రెండుంబావుకి కూతురు వచ్చింది. పదిహేడేళ్ల పిల్ల, వస్తూనే సంచి ఒక కుర్చీలో, చున్నీ ఇంకో కుర్చీలో పడేసి నానమ్మ గది ముందు ఆగింది.

“నానమ్మ తిందా?”

“తలుపే తియ్యలేదు.”

“అయితే తిన్నట్టే. మంచం కింద డబ్బాలో బిస్కట్లుంటాయి,” అంది ఆ పిల్ల నవ్వుతూ. “నువ్వు తిన్నావా అమ్మా?”

తినలేదు. ఇద్దరూ వంటింట్లోనే కింద కూర్చున్నారు. తల్లికి ఒక చెయ్యే ఆడుతోంది కాబట్టి కూతురే వడ్డించింది. ఎక్కడ ఏ గిన్నె ఉందో, ఏ గరిటె ఏ గిన్నెలో వెయ్యాలో చూడకుండానే తీస్తోంది. ఈ పనులు దీనికి ఎప్పుడు వచ్చాయి అనుకుంది సిస్టరమ్మ.

“నానమ్మ ఎందుకలా చించేసిందే? నువ్వైనా చెప్పు. నేనంత తప్పు ఏం రాశాను?”

కూతురు ముద్ద కలుపుతూ ఆగింది. “చెప్తే కోప్పడతావు.”

“కోప్పడను.”

“ఇప్పుడే మొహం అలా పెట్టావు.”

“నా మొహమే అంత. చెప్పు.”

“మూడింటికి నానమ్మ పడుకోదమ్మా. మూడింటికే నాన్న దగ్గరికి మనుషులొచ్చేది. డాక్టరు పంపిస్తాడు కదా, పళ్లు నోట్లో పెట్టి చూసుకుని పొమ్మని. మాట సరిగ్గా పలుకుతుందో లేదో నానమ్మే చెప్తుంది. ఆవిడ సరే అంటేనే నాన్న సెట్టు పూర్తిచేస్తాడు. రోజు మొత్తంలో ఆవిడ ఎదురుచూసేది ఆ గంట కోసమే. నువ్వు దాన్నే కొట్టిపారేశావు.”

“నాకెవరు చెప్పారు? ఆ వేళకి నేను నొప్పి మాత్రలేసుకుని పడుకుంటున్నాను కదా.”

“నువ్వెప్పుడడిగావు?”

కూతురు నీళ్లు తాగింది. మొదలుపెట్టాక ఆపడం ఇష్టం లేనట్టు, చూపు మాత్రం కంచంలోనే ఉంచి, ఇంకో మాట అంది.

“ఆదివారమంటే మాకు భయమమ్మా.”

“భయమా?”

“ఆదివారం నువ్వు మమ్మల్ని సంతోషపెడతావు కదా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా. మేం నవ్వుతున్నామో లేదో చూస్తూనే ఉంటావు. నాన్న నడుం వాల్చినా ఊరుకోవు. సోమవారానికి మేం ముగ్గురం అలిసిపోయి ఉంటాం.”

సిస్టరమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కోప్పడను అని మాటిచ్చింది. కోపం రాలేదు కూడా. పోయిన ఆదివారం తను ఏం చేసిందో గుర్తుతెచ్చుకోబోయింది. ఉదయం నుంచీ హడావుడి పడటం గుర్తొచ్చింది. ఎవరు ఏం మాట్లాడారో ఒక్క ముక్క గుర్తు రాలేదు.

“బాగా బాధపడ్డావా?” అంది కూతురు చిన్న గొంతుతో.

“లేదు. కూర ఇంకొంచెం వెయ్యి.”

*

సరిగ్గా మూడింటికి వీధి గుమ్మంలో దగ్గు వినబడింది. గొడుగు మడుస్తూ ఒక పెద్దాయన లోపలికి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. ముప్పై ఐదేళ్లు ఉత్తరాలు పంచి రిటైరైన పోస్ట్‌మాన్. పై పళ్లూ కింది పళ్లూ పూర్తిగా పోవడంతో బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి.

మేస్త్రి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మైనంలో అమర్చిన సెట్టు జాగ్రత్తగా నోట్లో పెట్టాడు. బుగ్గలు పైకి లేచాయి. అద్దం ఇచ్చాడు. పోస్టాయన అద్దంలో చూసుకుని, ఎవరో కొత్తమనిషి కనబడ్డట్టు కాస్త తలవంచి పలకరించాడు.

“ఏదైనా మాట్లాడండి,” అన్నాడు మేస్త్రి.

“ఏం మాత్లాదను?”

అంతే. లోపల గడియ తీసిన చప్పుడైంది. అత్తగారు జుట్టు ముడివేసుకుంటూ బయటికి వచ్చింది. కోడలి వైపు చూడనైనా చూడకుండా ముందుగదిలోకి వెళ్లి, కిటికీ పక్కన తన కుర్చీలో కూర్చుంది.

సిస్టరమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

“ససేమిరా అనండి,” అంది అత్తగారు.

“తతేమిరా.”

“తతేమిరా కాదు. ససేమిరా.”

పోస్టాయన ఊపిరి పీల్చుకుని, బలంగా అన్నాడు. ఈసారి మాటతో పాటు సన్నగా ఒక ఈల కూడా వచ్చింది. ఆయనే ఉలిక్కిపడి నోటి మీద చెయ్యి వేసుకున్నాడు.

“ముందు పళ్లు కొంచెం బయటికి ఉన్నాయిరా,” అంది అత్తగారు కొడుకుతో. “వెంట్రుకవాసి లోపలికి జరుపు.”

మేస్త్రి సెట్టు తీసి, కత్తి వేడిచేసి, రెండు పళ్లు జరిపి మళ్లీ పెట్టాడు. మళ్లీ ససేమిరా. ఈల పోయింది, కానీ మాట తడబడుతోంది.

“ఒక్కమాటతో తెలీదు,” అంది అత్తగారు. “మీరు ఉత్తరాలు పంచిన వీధులు వరసగా చెప్పండి. అవి మీ నాలుకకి అలవాటే కదా.”

పోస్టాయన కళ్లు మూసుకున్నాడు. “సున్నం బట్టీ సందు. సైకిళ్ల వీధి. సబ్బుల ఫ్యాక్టరీ వెనక సందు. అక్కణ్ణుంచి సగం మెట్లు దిగితే చాకలిరేవు…”

చెబుతున్నకొద్దీ మాట సాఫుగా వస్తోంది. ఏ ఇంటికి గేటు ఎటు తెరుచుకుంటుందో, ఏ ఇంట్లో ముసలమ్మ ఉత్తరం లేకపోయినా మంచినీళ్లు ఇచ్చేదో చెబుతున్నాడు. సైకిళ్ల వీధి మూడో ఇంట్లో ఒక కుక్క ఉండేదట. పదకొండేళ్లు రోజూ ఆయన్ని చూసి మొరిగింది. ఒకనాడు మొరగలేదు. ఆ రోజంతా తనకి అన్నం సయించలేదన్నాడు.

“రిటైరైన రోజు పెద్ద సభ పెట్టారు. అధికారులొచ్చారు, ఉపన్యాసాలు చెప్పారు. ఒక్కళ్లన్న మాటైనా గుర్తుంటే ఒట్టు. ఆ కుక్క మాత్రం గుర్తుంది,” అన్నాడు. “స… సభ. ఇదుగో, సభ అని కూడా వస్తోందమ్మగారూ.”

అప్పటిదాకా బిగబట్టుకున్న సిస్టరమ్మకి ఫక్కున నవ్వు వచ్చింది. చేత్తో నోరు మూసుకోబోయి, కట్టు ఉన్న చెయ్యి ఎత్తింది. పిండికట్టు ముక్కుకి ఠక్కున తగిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, నవ్వు ఆగలేదు. కూతురు నవ్వింది. మేస్త్రి నవ్వాడు. పోస్టాయన కొత్త పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు.

“అదీ,” అంది అత్తగారు తృప్తిగా. “నవ్వినా ఊడలేదు. ఇంక సెట్టు పూర్తిచెయ్యి.”

ఆవిడ బల్ల కింద నుంచి ఒక రేకు పళ్లెం తీసింది. దాన్నిండా విడి పళ్లు. తెల్లటివి, పాలిపోయినవి, టీ రంగువి. పాత సెట్లలోంచి మిగిలినవి, పెట్టెల్లోంచి రాలినవి అన్నీ కలిసిపోయి ఉన్నాయి. పళ్లెం తన ఒళ్లో పెట్టుకోకుండా, పక్కనున్న ఖాళీ స్టూలు మీద పెట్టింది.

“రంగు రంగుకీ వేరుచెయ్యాలి,” అంది గాల్లోకి చూస్తూ. “దీనికి ఒక చెయ్యి చాలు.”

సిస్టరమ్మ వచ్చి స్టూలు ముందు చాప మీద కూర్చుంది.

మొదట్లో వార్డులో మందులు సర్దినంత వేగంగా సర్దింది. అత్తగారు ఆమె వేరుచేసిన కుప్పలోంచి నాలుగు పళ్లు తీసి మళ్లీ పళ్లెంలో పడేసింది. “వెలుగులో పెట్టి చూడు. తొందరేముంది?”

ఒక్కొక్క పన్నూ కిటికీ వెలుగులోకి ఎత్తి చూడటం మొదలుపెట్టింది. అన్నీ తెలుపే అనుకున్నది కాస్తా ఐదారు రకాలైంది. మేస్త్రి ఆకురాయి గరగరలాడిస్తున్నాడు. కూతురు గోడకి చేరగిలబడి ఏదో చదువుతూ, మధ్యలో ఆపి కాలేజీలో జరిగిన సంగతి చెబుతోంది. అత్తగారు ఊకొడుతోంది. ఎవరూ ఎవర్నీ సంతోషపెట్టడం లేదు. కిటికీలోంచి పడ్డ ఎండ పళ్లెం మీంచి ఆమె మోకాలి మీదికి జరిగింది. ఎంతసేపైందో అని ఒకసారి గడియారం వైపు తల తిప్పబోయి, మానేసింది.

“ఉదయం టీ చల్లారిపోయింది అత్తయ్యా,” అంది కాసేపటికి.

“చల్లగానే తాగానులే. నువ్వు అటు వెళ్లగానే.”

*

ఐదింటికి మేడ మీద బట్టలు తియ్యడానికి కూతురితో పాటు ఆమె కూడా వెళ్లింది. పిల్ల బట్టలు తీసి తల్లి భుజం మీద వేస్తుంటే, భుజం నిండాక ఆ బట్టలు పిల్లకిచ్చి కిందికి పంపేసి, ఫోను తీసి ఆసుపత్రి సూపరింటెండెంటుకి చేసింది.

“ఆలోచించుకున్నావా?” అంది ఆవిడ.

“ఆలోచించుకున్నానండి. ఆ ఉద్యోగం నాకొద్దు.”

“చెయ్యి గురించైతే భయపడకు. నెలలో అతుక్కుంటుంది.”

“చెయ్యి బాగానే ఉందండి. ఇంజెక్షన్ల గదిలో ఏడు నుంచి రెండు డ్యూటీ ఖాళీగా ఉంది కదా. అది నాకివ్వండి.”

“హెడ్ నర్సువి నువ్వు. అది కొత్తగా చేరిన పిల్లలు చేసే పని.”

“తెలుసండి. కొత్తగా చేరినప్పుడు చేశాను. అప్పుడు బాగానే ఉండేదాన్ని.”

“వార్డు వదిలేస్తావా?”

ఆ నలభై మంచాలూ కళ్లముందు కదిలాయి. “వదిలేస్తాను.”

“కారణం ఏం రాసుకోను?”

“మూడింటికి ఇంట్లో పనుందని రాసుకోండి.”

ఫోను పెట్టేసి పిట్టగోడకి ఆనుకుంది. కింద వీధిలో ఎవరో సైకిలు తొక్కుకుంటూ పోతున్నారు. ఎదురింటి మేడ మీద ఒకావిడ దుప్పటి దులుపుతోంది. తీగ మీద మిగిలిపోయిన తువ్వాలు ఇంకా వెచ్చగా ఉంది. దాన్ని తీసి మెడ చుట్టూ వేసుకుని మెట్లు దిగింది. ఈ మాట భర్తకి చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి.

మేస్త్రి బల్ల తుడుస్తున్నాడు. ఆమె నోరు తెరిచేలోగా ఆయనే అన్నాడు.

“కూర్చో. నీకొకటి చెప్పాలి.”

“నేనూ చెప్పాలి.”

“ముందు నన్ను చెప్పనీ. మళ్లీ ధైర్యం చాలదు.” బల్ల తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు. “పళ్ల కాలేజీ వాళ్లు వాళ్ల ల్యాబుకి రమ్మంటున్నారు. తొమ్మిది నుంచి ఆరు. వచ్చే సోమవారం నుంచి. వస్తానన్నాను.”

ఆమెకి వెంటనే అర్థం కాలేదు. “ఎప్పుడన్నారు?”

“నిన్న. నువ్వు ఆ చివరికి వెళ్లిపోతావు. పిల్ల కాలేజీకి పోతుంది. నేనొక్కణ్ణీ ఇక్కడ కూర్చుని ఏం చెయ్యాలి అనిపించింది. నేనూ ఐదేళ్లు గట్టిగా చేస్తే ఇద్దరం ఒకేసారి మానెయ్యొచ్చు కదా. తర్వాత హాయిగా ఉండొచ్చని…”

తన మాటలే ఆయన నోటివెంట వింటూ ఆమె చాప మీదికి జారి కూర్చుంది.

“నేను ఇప్పుడే ఫోన్ చేసి వద్దని చెప్పేశానండీ. ఇంజెక్షన్ల గది అడిగాను. రెండింటికి దిగిపోతాను.”

మేస్త్రి చేతిలో గుడ్డ ఆగిపోయింది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మడతపెట్టిన బట్టలు గుండెలకి హత్తుకుని కూతురు గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, అంతా వింది.

“అంటే సోమవారం నుంచి మూడింటికి అమ్మ ఇంట్లో ఉంటుంది, నాన్న ఉండడు,” అంది. “మరి నానమ్మ ఎవరి చేత ససేమిరా అనిపిస్తుంది?”

మేస్త్రి గుడ్డ మడతపెట్టి బల్ల మీద పెట్టాడు.

“సోమవారం సంగతి తర్వాత చూసుకోవచ్చు,” అంది అత్తగారు వంటింట్లోంచి. “పొద్దున్నుంచి నా కడుపులో బిస్కట్లు తప్ప ఏమీ లేవు. కూర వేడిగా ఉంది. వస్తారా, నన్ను తినెయ్యమంటారా?”

కూతురు లోపలికి వెళ్లింది. సిస్టరమ్మ గోడ పట్టుకుని లేచింది. భర్త దగ్గరగా వచ్చి, అత్తగారికి వినబడకుండా అడిగింది.

“వస్తానని మాటిచ్చారు, సరే. సంతకం పెట్టారా?”

మేస్త్రి మూల ఉన్న కొళాయి తిప్పి చేతులు కడుక్కుంటున్నాడు. వేళ్ల మీది సుద్ద అంతా పోయాక కూడా ఆమె వైపు తిరగలేదు, కొళాయి కట్టలేదు.